పోర్షే 911 ఎనిమిది తరాల పరిణామం: తరచుగా అడిగే ప్రశ్నలు

1963లో తొలిసారి జనం ముందుకు వచ్చిన పోర్షే 911 నేటికీ అదే పేరుతో, దాదాపు అదే ఆకారంతో, అదే చోట ఇంజిన్‌తో తయారవుతోంది. స్పోర్ట్స్ కార్ల చరిత్రలో ఇంత సుదీర్ఘకాలం ఒకే ఆలోచనను పట్టుకుని సాగిన కారు మరొకటి దొరకడం కష్టం. ఆ ఆలోచనలో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఆ లోపాన్ని వదిలించుకుని పక్కకు తప్పుకోకుండా తరం తర్వాత తరం దాన్ని సరిదిద్దుతూ రావడమే ఈ కారు అసలు చరిత్ర అని నా నమ్మకం. అందువల్ల ఈ జవాబుల్లో వేగాల అంకెల కన్నా, ఏ మార్పు ఎందుకు వచ్చిందన్న విషయానికే ఎక్కువ చోటు ఇచ్చాను. హార్స్‌పవర్ అంకెలన్నీ జర్మనీలో వాడే మెట్రిక్ కొలమానం ప్రకారం ఇచ్చినవి.

911లో ఎన్ని తరాలు ఉన్నాయి? 930, 964, 993 వంటి సంఖ్యలు దేనికి?

ఇప్పటి వరకు ఎనిమిది తరాలు వచ్చాయి. అమ్మకానికి పెట్టిన కారు పేరు ఎప్పుడూ 911 మాత్రమే. మిగతా సంఖ్యలు సంస్థ లోపల వాడుకునే ప్రాజెక్టు సంఖ్యలు. తరాలను వేరుచేసి చెప్పడానికి అభిమానులూ మెకానిక్‌లూ వాటినే వాడుతూ రావడంతో అవే వాడుకలో స్థిరపడిపోయాయి. 1964 నుంచి 1973 వరకు తయారైనది తొలి తరం. 1973 నుంచి 1989 వరకు నడిచిన రెండో తరాన్ని జి-సిరీస్ అంటారు, అందులోని టర్బో కారు సంఖ్య 930. ఆ తర్వాత 1988లో 964, 1993లో 993, 1997లో 996, 2004లో 997, 2011లో 991, 2018 చివర్లో 992 వచ్చాయి. సంఖ్యలు వరుసలో లేవు కాబట్టి 997 తర్వాత 991 రావడం చూసి తికమక పడనక్కర్లేదు. ఒక తరం మధ్యలో పెద్ద సవరణ జరిగితే దాన్ని 991.2, 992.2 అని చుక్క పెట్టి గుర్తిస్తారు.

ఈ కారును మొదట 901 అన్నారు కదా, పేరు ఎందుకు మారింది?

1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ప్రదర్శించినప్పుడు దీని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లపై ఫ్రాన్స్‌లో తమకే హక్కు ఉందని ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పింది. ఆదిలోనే హంసపాదు ఎదురైనా పోర్షే వివాదానికి దిగకుండా సున్నా స్థానంలో ఒకటి పెట్టి 1964లో పేరు మార్చేసింది.

ఇంజిన్‌ను వెనక ఎందుకు పెట్టారు? దానివల్ల వచ్చిన చిక్కు ఏమిటి?

911 మొత్తం చరిత్రకు ఈ ప్రశ్నే మూలం కనుక దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

911కు ముందు పోర్షే తయారు చేసిన 356, ఫోక్స్‌వాగన్ బీటిల్ వారసత్వంలోంచి వచ్చిన కారు. బీటిల్‌ను రూపొందించింది ఫెర్డినాండ్ పోర్షే, 356ను తెచ్చింది ఆయన కుమారుడు ఫెరీ పోర్షే, 911 రూపాన్ని గీసింది ఫెరీ కుమారుడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే. మూడు తరాల కుటుంబంతో పాటు వెనక ఇంజిన్ అమరిక కూడా వారసత్వంగా వచ్చింది. 356లో నాలుగు సిలిండర్లు ఉండగా, 911 కోసం ఆరు సిలిండర్ల కొత్త ఇంజిన్‌ను తయారు చేశారు. సిలిండర్లు నిలువుగా కాకుండా ఇటు మూడు, అటు మూడు చొప్పున నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. అందువల్ల ఇంజిన్ ఎత్తు తక్కువగా ఉండి బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. తొలి ఇంజిన్ పరిమాణం 1991 సీసీ, శక్తి 130 హార్స్‌పవర్. దాన్ని నీటితో కాకుండా పెద్ద ఫ్యాన్ తోసే గాలితోనూ, లోపల తిరిగే నూనెతోనూ చల్లబరిచేవారు.

ఈ అమరికలో లాభాలు నిజంగానే ఉన్నాయి. నడిచే చక్రాల మీదే బరువు పడటం వల్ల, కదిలే క్షణంలో టైర్లు జారకుండా శక్తిని రోడ్డుకు అందిస్తాయి. బ్రేకు వేసినప్పుడు ఏ కారులోనైనా బరువు ముందుకు వాలుతుంది. వెనక బరువున్న కారులో అలా వాలిన తర్వాత కూడా వెనక టైర్ల మీద తగినంత భారం మిగిలి, నాలుగు చక్రాలూ బ్రేకింగ్‌లో పాలుపంచుకుంటాయి. పైగా ఇంజిన్ వెనక్కి పోవడం వల్ల ఇద్దరు పిల్లలు కూర్చోగల వెనక సీట్లకు చోటు దొరికింది. నడిమధ్యన ఇంజిన్ ఉండే కార్లలో ఆ వీలు సాధారణంగా ఉండదు.

ఇక చిక్కు సంగతి. 911 ఇంజిన్ వెనక ఇరుసుకు కూడా ఆవల వేలాడుతూ ఉంటుంది. వేగంగా మలుపు తిరుగుతున్నప్పుడు డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ మీదనుంచి ఒక్కసారిగా కాలు తీస్తే బరువు ముందుకు వాలి, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. అప్పుడు ఇంజిన్ బరువు తాడు చివర కట్టి తిప్పిన రాయిలాగా బయటికి విసరబడి, కారు తోక ముందుకు తిరిగిపోతుంది. సహజంగా మనిషి చేసే పని కాలు తీయడమే. ఈ కారులో అదే చేయకూడని పని. తొలినాళ్ల 911 నేర్పు లేని వారిని క్షమించదన్న పేరు ఇందువల్లే వచ్చింది.

తొలి తరంలో ఆ లోపాన్ని ఎలా సరిదిద్దారు?

మొదట్లో జరిగింది సర్దుబాటే. ముందు భాగానికి బరువు కలపడానికి బంపర్ లోపల రెండు చివర్లా ఇనుప దిమ్మలు అమర్చారు. తేలికైన స్పోర్ట్స్ కారు తయారు చేయాలనుకునే ఇంజినీర్లకు ఇనుము మోయించడం ఎంత ఇష్టం లేని పనో ఊహించుకోవచ్చు.

అసలైన పరిష్కారం 1968లో, 1969 మోడల్ కార్లతో వచ్చింది. ఇంజిన్‌ను కదపకుండా వెనక చక్రాలనే 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. దాంతో వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2211 మిల్లీమీటర్ల నుంచి 2268 మిల్లీమీటర్లకు పెరిగి, ఇంజిన్ బరువు ఇరుసుకు ఆవల వేలాడటం ఆ మేరకు తగ్గింది. అదే సమయంలో ఒక పెద్ద బ్యాటరీకి బదులు రెండు చిన్న బ్యాటరీలను ముందు చక్రాలకు ముందు, చెరొక మూలన పెట్టారు. బరువు కలపకుండా ఉన్న బరువునే సరైన చోటికి చేర్చిన ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. ఈ తరం చివరి నాటికి ఇంజిన్ 2 లీటర్ల నుంచి 2.2కు, ఆపై 2.4 లీటర్లుగా పిలిచే పరిమాణానికి పెరిగింది. 1966లో వచ్చిన 911 ఎస్ శక్తి 160 హార్స్‌పవర్‌కు చేరింది.

1973 నాటి కరేరా ఆర్‌ఎస్ 2.7కు అంత గౌరవం ఎందుకు?

రేసుల్లో పాల్గొనడానికి నిబంధనల ప్రకారం 500 కార్లు తయారు చేసి అమ్మాలి. అందుకోసం పుట్టిన కారు ఇది. 1972 అక్టోబరులో పారిస్‌లో చూపించినప్పుడు 500 కార్లు అమ్ముడవుతాయా అన్న సందేహం సంస్థ అమ్మకాల విభాగానికే ఉండేది. చివరికి 1,580 తయారయ్యాయి.

దగ్గరగా చూస్తే ఈ కారులో ప్రతి భాగం తేలికదనం కోసమే ఆలోచించి చేసినట్టు తెలుస్తుంది. రేకు పలచన చేశారు, అద్దాలు పలచన చేశారు, వెనక సీట్లు తీసేశారు, తలుపు లోపలి వైపు మామూలు పిడి బదులు లాగడానికి ఒక పట్టీ మాత్రమే ఉంచారు. ఈ తేలికపాటి రకం బరువు 960 కిలోలు, ఇంజిన్ శక్తి 210 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం గంటకు 245 కిలోమీటర్లు. వెనక చక్రాలకు ముందు వాటికన్నా వెడల్పైన టైర్లు వేశారు. ఎక్కువ బరువు ఎక్కడ ఉందో అక్కడే ఎక్కువ పట్టు ఇవ్వాలన్న ఈ పద్ధతి 911లో తర్వాత స్థిరపడిపోయింది.

వెనక మూత మీద పైకి లేచిన బాతు తోక వంటి స్పాయిలర్ ఈ కారుకు గుర్తు. టిల్మాన్ బ్రోడ్‌బెక్, హెర్మన్ బుర్స్ట్ అనే ఇంజినీర్లు దాని వెనక ఉన్నారు. 911 వీపు వాలు చూడముచ్చటగా ఉన్నా, ఎక్కువ వేగంలో దాని మీదుగా జారే గాలి కారు వెనక భాగాన్ని పైకి లేపుతుంది. వెనకే బరువున్న కారులో వెనక చక్రాలే తేలికపడటం ప్రమాదకరం. ఆ చిన్న తోక గాలి ప్రవాహాన్ని తెంచి ఆ లేపుడును బాగా తగ్గించింది. అంటే అది అలంకారం కోసం పెట్టింది కాదు, మొదటి నుంచీ వెంటాడుతున్న సమస్యకు గాలి వైపు నుంచి దొరికిన జవాబు.

జి-సిరీస్ కార్ల బంపర్లు అంత పెద్దవిగా ఎందుకు ఉంటాయి?

తక్కువ వేగంలో ఢీకొన్నప్పుడు కారు దెబ్బతినకూడదని అమెరికా పెట్టిన నిబంధనలే కారణం. ఇతర సంస్థలు చాలా వరకు పాత కార్లకే బరువైన బంపర్లు తగిలించగా, పోర్షే వాటిని కారు ఆకారంలో కలిపేసింది. బంపర్ లోపలికి నొక్కుకుపోయే వీలు కోసం పక్కన మడతల రబ్బరు తొడుగు పెట్టారు. ఆ రూపం 16 ఏళ్లు మారకుండా నిలిచింది. గట్టి పైకప్పు లేని కాబ్రియోలె 1982లో ఈ తరంలోనే వచ్చింది.

911 టర్బోకు భయంకరమైన కారు అన్న పేరు ఎలా వచ్చింది?

1974లో పారిస్‌లోనే ప్రవేశపెట్టిన 930 టర్బోలో 3 లీటర్ల, 260 హార్స్‌పవర్ ఇంజిన్ ఉండేది. ఆ సాంకేతికత 917 రేసు కార్ల నుంచి దిగివచ్చింది. ఎగ్జాస్ట్ వాయువులతో ఒక టర్బైన్‌ను తిప్పి, దానితో ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా పంపడమే టర్బో పని. ఇంజిన్ తక్కువ చుట్లు తిరిగేటప్పుడు ఆనాటి ఒకే పెద్ద టర్బోకు సరిపడా వాయువు అందేది కాదు. డ్రైవరు యాక్సిలరేటర్ నొక్కితే మొదట ఏమీ జరగనట్టు ఉండి, కొంతసేపటికి శక్తి అంతా ఒక్కసారిగా విరుచుకుపడేది. అది మలుపు మధ్యలో జరిగిందంటే వెనక టైర్లు జారేవి, జారాయని కాలు తీస్తే పైన చెప్పిన పాత లోపం తన పని తాను చేసేది.

1977లో ఇంజిన్‌ను 3.3 లీటర్లకు పెంచి, టర్బో పంపే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అమర్చారు. శక్తి 300 హార్స్‌పవర్ అయింది. ఇంటర్‌కూలర్‌కు చోటు కావాలి కాబట్టి వెనక రెక్క ఆకారం కూడా మారి, అంచులు పైకి లేచిన పళ్లెంలా తయారైంది. ఇంత శక్తికీ 1989 దాకా గేర్లు నాలుగే. డ్రైవరును పరీక్షించే కారుగా దీన్ని మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. మంచి కారు అనడానికి మాత్రం నేను ఒప్పుకోలేను, ఎందుకంటే దీన్ని నిజంగా మంచి కారుగా మార్చడానికి సంస్థకు మరో ఇరవై ఏళ్లు పట్టింది.

911ను ఆపేయాలని పోర్షే ఒక దశలో నిర్ణయించిందన్నది నిజమేనా?

నిజమే. 1970లలో సంస్థకు నాయకత్వం వహించిన ఎర్నస్ట్ ఫుర్‌మాన్, ముందు భాగంలో వీ8 ఇంజిన్, నీటి చల్లదనం ఉన్న 928ను 911 స్థానంలో నిలపాలని భావించారు. ఇంజినీరు దృష్టితో చూస్తే ఆ ఆలోచన తప్పు కాదు, 928 నిజంగా గొప్ప కారు. కొనేవారు మాత్రం 911ను వదల్లేదు. 1981లో పగ్గాలు చేపట్టిన పీటర్ షుట్స్, డెవలప్‌మెంట్ విభాగాధిపతి హెల్ముత్ బాట్ గదిలో గోడ మీద ఉన్న పట్టికలో 911 గీత 1981తో ఆగిపోవడం చూసి, మార్కర్ తీసుకుని ఆ గీతను పట్టిక అంచు దాటి గోడ మీదికి పొడిగించారట. ఈ సంగతిని షుట్స్ స్వయంగా చెప్పారు.

964ను చూస్తే పాత కారులాగానే ఉంటుంది. అందులో కొత్తదనం ఏముంది?

పైకి పాతదిలాగే ఉన్నా, భాగాల్లో 85 శాతం కొత్తవని పోర్షే ప్రకటించింది. తొలి తరం నుంచి వాడుతున్న టార్షన్ బార్ల (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీల) స్థానంలో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. పవర్ స్టీరింగ్, ఏబీఎస్ వచ్చాయి. ఇంజిన్ 3.6 లీటర్లకు, 250 హార్స్‌పవర్‌కు పెరిగింది. గంటకు 80 కిలోమీటర్ల వేగం వద్ద వెనక స్పాయిలర్ తనంతట తాను పైకి లేస్తుంది, నెమ్మదించాక మళ్లీ దిగిపోతుంది. దాంతో 911 వీపు అందమూ చెడలేదు, వేగంలో కావలసిన ఒత్తిడీ దొరికింది.

ఈ తరంలో మొదట వచ్చిన కారు కరేరా 4, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే 911. దానికి ముందు అడుగు వేసింది 959. 450 హార్స్‌పవర్, రెండు టర్బోలు, పరిస్థితిని బట్టి శక్తిని ముందు వెనక చక్రాలకు పంచే ఏర్పాటు ఉన్న ఆ కారు 1986లో పారిస్–డకార్ రేసు గెలిచింది. మామూలు 911 కొనేవారికి ఆ పరిజ్ఞానం సరళమైన రూపంలో 964 ద్వారా అందింది. తరాల జాబితాలో 964 గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ, 911 ఆధునిక కారుగా మారింది ఇక్కడే.

993 కోసం అభిమానులు అంతగా ఎందుకు ఆరాటపడతారు?

గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న చివరి 911 కావడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం దాని వెనక సస్పెన్షన్ అని నేను అంటాను. పాత అమరికలో మలుపులో కాలు తీసినప్పుడు వెనక చక్రాలు కొద్దిగా తప్పు దిశకు తిరిగేవి. 993లో ఒక్కో చక్రాన్ని పలు కడ్డీలతో పట్టి ఉంచే మల్టీ-లింక్ ఏర్పాటు వల్ల, బరువు మారినా చక్రం తన కోణాన్ని నిలబెట్టుకుంటుంది. 1968లో మొదలైన పని 1993కి ఒక కొలిక్కి వచ్చినట్టయింది. ఇంజిన్ 272 హార్స్‌పవర్‌తో మొదలై తర్వాత 285కు చేరింది.

1995లో వచ్చిన 993 టర్బోలో ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్న టర్బోలు, నాలుగు చక్రాల డ్రైవ్, 408 హార్స్‌పవర్ ఉన్నాయి. చిన్న టర్బైన్ తేలికగా తిరుగుతుంది కాబట్టి 930లోని ఎదురుచూపు బాగా తగ్గింది. మంచి కారు కావడానికి ఇరవై ఏళ్లు పట్టిందని పైన చెప్పింది దీన్ని ఉద్దేశించే.

అంత మంచి గాలి చల్లదనాన్ని 996లో ఎందుకు వదిలేశారు?

గాలి చల్లదనం హద్దులు తెలిసిపోయాయి కాబట్టి. పొగలోని హానికర వాయువులు తగ్గాలంటే, శక్తి పెరగాలంటే ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు కావాలి. నాలుగు వాల్వులున్న సిలిండర్ తలను గాలి ఒక్కటే సమానంగా చల్లబరచలేదు. నీరు ఇంజిన్ చుట్టూ పొరలా ఉండి శబ్దాన్ని కూడా మింగుతుంది. శబ్దంపై నిబంధనలు ఏటికేడు బిగుసుకుంటున్న రోజులవి. 1997లో వచ్చిన 996లో 3.4 లీటర్ల, 300 హార్స్‌పవర్ ఇంజిన్‌ను నీటితో చల్లబరిచారు. వీల్‌బేస్ 2350 మిల్లీమీటర్లకు పెరిగింది.

డబ్బు సంగతి కూడా ఇందులో ఉంది. 1990ల మొదట్లో పోర్షే తీవ్రమైన నష్టాల్లో ఉండేది. వెండెలిన్ వీడెకింగ్ నాయకత్వంలో తయారీ పద్ధతులను జపాన్ నిపుణుల సలహాతో మార్చుకుంది. చవకైన బాక్‌స్టర్‌తో పాటే 996ను రూపొందించి, రెండింటి ముందు భాగాలను ఉమ్మడిగా ఉంచింది. గుండ్రటి దీపాల స్థానంలో పక్కకు జారినట్టు ఉన్న దీపాలు వచ్చాయి. 911 కొన్నవారికి తమ కారు ముఖం తక్కువ ధర కారు మీద కనిపించడం రుచించలేదు. ఆ కోపం నాకు అర్థమవుతుంది కానీ, ఈ తరం కార్లు దాదాపు 1,75,000 తయారయ్యాయి. అంతకు ముందరి 993 మొత్తం 70,000 కూడా దాటలేదు. 996 అమ్ముడై ఉండకపోతే ఆ తర్వాతి తరాల గురించి మాట్లాడుకునే అవసరమే ఉండేది కాదు.

996 ఇంజిన్లు చెడిపోతాయని అంటారు. మెత్స్‌గర్ ఇంజిన్ అంటే ఏమిటి?

రెండు ప్రశ్నలకూ సంబంధం ఉంది కాబట్టి కలిపి చెబుతాను. 996 కరేరా (అంటే మామూలు 911) ఇంజిన్లలోనూ, 997 తొలి విడత కరేరా ఇంజిన్లలోనూ క్రాంక్‌షాఫ్ట్ నుంచి వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్‌లకు చలనాన్ని అందించే ఒక మధ్య ఇరుసు ఉంటుంది. ఐఎంఎస్ అని పిలిచే ఆ ఇరుసు చివరి బేరింగ్ కొన్ని కార్లలో అరిగి విరిగేది. అది విరిగితే వాల్వుల సమయం తప్పి, ఇంజిన్ మొత్తం పాడైపోతుంది. అన్ని కార్లకూ అలా జరగలేదు, కానీ జరిగితే నష్టం చిన్నది కాదు. పాత కారు కొనాలనుకునేవారు ఆ బేరింగ్ మార్చారా లేదా అన్నది కాగితాల్లో చూసుకోవాలి. 2008లో 997కు కొత్త ఇంజిన్ పెట్టినప్పుడు ఆ ఇరుసునే తీసేశారు.

అదే కాలపు టర్బో కార్లలో, రేసు కార్లకు దగ్గరగా ఉండే జీటీ3, జీటీ2 రకాల్లో ఉన్నది వేరే ఇంజిన్. గాలి చల్లదనం నాటి ఇంజిన్ పెట్టెలోంచి, ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు గెలిచిన 911 జీటీ1 రేసు కారు ద్వారా వచ్చిన ఆ ఇంజిన్‌ను, తొలి 911 ఇంజిన్ రూపకల్పనలో పాల్గొన్న హన్స్ మెత్స్‌గర్ పేరుతో పిలుస్తారు. దానికి ఈ బేరింగ్ సమస్య లేదు. 1999లో తొలి జీటీ3లో 360 హార్స్‌పవర్‌తో మొదలై, 2011 నాటి 997 జీటీ3 ఆర్‌ఎస్ 4.0లో 500 హార్స్‌పవర్‌తో ముగిసింది.

997లో ముఖ్యమైనవి ఏమిటి?

గుండ్రటి దీపాలు తిరిగి వచ్చాయి. 2006 టర్బోలో వచ్చిన మార్పు మాత్రం మరీ లోతైనది. టర్బైన్ చుట్టూ ఉన్న చిన్న రెక్కలు తక్కువ చుట్లలో మూసుకుపోయినట్టుగా వంగి, వాయువును సన్నటి సందుల్లోంచి వేగంగా పంపుతాయి. చుట్లు పెరిగిన కొద్దీ అవి తెరుచుకుని దారి ఇస్తాయి. అంటే ఒకే టర్బో అవసరాన్ని బట్టి చిన్నదిగానూ పెద్దదిగానూ పనిచేస్తుంది. డీజిల్ కార్లలో ఈ ఏర్పాటు అప్పటికే ఉన్నా, పెట్రోల్ ఇంజిన్ ఎగ్జాస్ట్ అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది కాబట్టి, ఆ వేడికి తట్టుకునే లోహాలతో రెక్కలు చేయడమే అసలు కష్టం. శక్తి 480 హార్స్‌పవర్.

2008లో పీడీకే గేర్‌బాక్స్ వచ్చింది. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒక గేరు నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది. 1980లలో 956, 962 రేసు కార్లలో పరీక్షించిన ఈ పరిజ్ఞానం రోడ్డు కారుకు చేరడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

991లో టర్బో అన్ని కరేరాలకూ ఎందుకు వచ్చింది? మాన్యువల్ గేర్లపై గొడవ ఏమిటి?

2011 నాటి 991లో వీల్‌బేస్ ఏకంగా 100 మిల్లీమీటర్లు పెరిగి 2450 అయింది. వెనక ఇరుసు మళ్లీ ఇంజిన్ వైపు జరిగింది. 1968లో చేసిన పనినే మరింత పెద్ద కొలతలో చేశారన్నమాట. 2015 సవరణలో కరేరా ఇంజిన్లు 3 లీటర్లకు తగ్గి, రెండు టర్బోలు తగిలించుకున్నాయి. ఐరోపాలో కార్బన్ డయాక్సైడ్ పరిమితులు అందుకు కారణం. శక్తి పెరిగింది, కానీ పాత ఇంజిన్ పై చుట్లలో పాడే గొంతు మెత్తబడింది. ఈ మార్పు తప్పనిసరి అని ఒప్పుకుంటూనే దానికి నేను బాధపడతాను.

2013 నాటి జీటీ3 ఇంజిన్ నిమిషానికి 9,000 చుట్ల వరకు తిరిగేది. పీడీకేతో మాత్రమే ఇచ్చారు. మొదటి విడతలో కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులై కొన్ని కార్లకు నిప్పంటుకోవడంతో 785 కార్లకూ ఇంజిన్లు మార్చారు. క్లచ్ పెడల్ లేని జీటీ3ను చాలామంది ఒప్పుకోలేదు. 2016లో మాన్యువల్ గేర్లతో తెచ్చిన 911 ఆర్ రకంలో తయారైన మొత్తం 991 కార్లూ వెంటనే అమ్ముడుపోవడం చూశాక, 2017 జీటీ3కి మాన్యువల్ గేర్‌బాక్స్ తిరిగి వచ్చింది. ఒక సెకను ఆలస్యమైనా పని తమ చేతులతో చేయాలనుకునేవారు ఇంకా ఉన్నారని సంస్థ గుర్తించడం నాకు సంతోషం కలిగించింది. పది లక్షలవ 911 తయారైనది కూడా 2017లోనే, మే 11న.

తాళం చెవి స్టీరింగ్‌కు ఎడమవైపు ఎందుకు ఉంటుంది?

లె మాన్ రేసులో డ్రైవర్లు పరుగెత్తుకొచ్చి కారెక్కే రోజుల్లో, ఎడమ చేత్తో ఇంజిన్ మొదలుపెడుతూ కుడి చేత్తో గేరు వేయడానికి వీలుగా ఆ అమరిక పుట్టిందని చెబుతారు. ఐదు గుండ్రటి మీటర్లలో ఇంజిన్ చుట్లు చూపేది నడుమ ఉండటం కూడా రేసు సంప్రదాయమే.

రేసుల్లో కూడా ఇంజిన్ వెనకే ఉంచి గెలిచారా?

చాలావరకు అవును. 1968 మోంటె కార్లో ర్యాలీని విక్ ఎల్ఫర్డ్, తర్వాతి రెండేళ్లు బ్యోర్న్ వాల్డెగార్డ్ 911తో గెలిచారు. మంచులో వెనక బరువు ఇచ్చే పట్టు అక్కడ వరమైంది. 1973లో కరేరా ఆర్‌ఎస్‌ఆర్ డేటోనా 24 గంటల రేసునూ, సిసిలీ కొండ దారుల్లో జరిగే టార్గా ఫ్లోరియోనూ గెలిచింది. 1979లో 911 నుంచి పుట్టిన 935 లె మాన్‌లో మొదటి స్థానం సాధించింది. అయితే 1998లో లె మాన్ గెలిచిన జీటీ1లో ఇంజిన్ నడిమధ్యన ఉంది. 2017 ఆర్‌ఎస్‌ఆర్ రేసు కారులో కూడా ఇంజిన్‌ను వెనక ఇరుసుకు ముందుకు జరిపారు. వెనక కింది భాగంలో గాలిని మలిచే డిఫ్యూజర్‌కు చోటు కావాలంటే మరో దారి లేకపోయింది. రోడ్డు కార్లలో మాత్రం ఆ పని చేయలేదు.

992లో హైబ్రిడ్ ఏర్పాటు ఎలా పనిచేస్తుంది?

2024లో వచ్చిన 992.2 కరేరా జీటీఎస్‌లో 3.6 లీటర్ల కొత్త ఇంజిన్, ఒకే ఒక టర్బో ఉన్నాయి. ఆ టర్బోలో టర్బైన్‌కూ కంప్రెసర్‌కూ మధ్య ఒక విద్యుత్ మోటారు కూర్చుంది. యాక్సిలరేటర్ నొక్కగానే వాయువు కోసం ఎదురుచూడకుండా ఆ మోటారే కంప్రెసర్‌ను తిప్పేస్తుంది. వాయువు ఎక్కువైనప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును బ్యాటరీకి పంపుతుంది. 1974లో డ్రైవర్లను భయపెట్టిన ఆ ఆలస్యం ఇక్కడ దాదాపు మాయమైంది. గేర్‌బాక్స్‌లో మరో మోటారు ఉంది. ఇంజిన్‌తో కలుపుకుని మొత్తం శక్తి 541 హార్స్‌పవర్. బ్యాటరీ సామర్థ్యం 1.9 కిలోవాట్ అవర్లు, బరువు 27 కిలోలు మాత్రమే. దీన్ని ఛార్జింగ్ తీగకు తగిలించే పనే లేదు. కారు బరువు పాతదానికన్నా 50 కిలోలు పెరిగింది. అయినా జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌లో 20.8 కిలోమీటర్ల చుట్టును 7 నిమిషాల 16.934 సెకన్లలో ముగించి, పాత జీటీఎస్ కన్నా 8.7 సెకన్లు ముందు నిలిచింది.

ఇదే తరంలో 2022 జీటీ3 ఆర్‌ఎస్ మరో దారి పట్టింది. మూడు రేడియేటర్ల బదులు ముందు భాగంలో ఒకే పెద్ద రేడియేటర్‌ను వాల్చి పెట్టారు. దాంతో ముందు డిక్కీ పూర్తిగా పోయింది, ఖాళీ అయిన పక్క భాగాలు గాలిని మలిచే రెక్కలకు దక్కాయి. గంటకు 285 కిలోమీటర్ల వేగంలో గాలి ఈ కారును 860 కిలోల భారంతో నేలకు అదుముతుంది. వేగంలో తేలిపోయే కారును నేలకు అదమడం బాతు తోకతో మొదలైంది, ఇక్కడికి చేరింది.

ఇన్ని మార్పుల్లో కారు మరీ పెద్దదైపోలేదా?

అయింది. తొలి 911 వెడల్పు 1610 మిల్లీమీటర్లు, బరువు 1080 కిలోలు. 992 కరేరా వెడల్పు 1852 మిల్లీమీటర్లు, బరువు 1505 కిలోలు. భద్రతా నిబంధనలు, వెడల్పైన టైర్లు, పొగ శుద్ధి పరికరాలు అన్నీ చోటు అడిగాయి. సన్నటి దారిలో తొలి 911కు మలుపులో ఎటు వంచాలన్నా చోటు మిగిలేది. ఇప్పటి కారు దారినంతా ఆక్రమిస్తుంది. ఈ ఒక్క విషయంలో పరిణామాన్ని అభివృద్ధి అనడానికి నాకు మనసు రాదు.

పూర్తిగా విద్యుత్తుతో నడిచే 911 వస్తుందా?

తమ కార్లలో చిట్టచివరగా విద్యుత్తుకు మారేది 911 అని పోర్షే పెద్దలు పలుమార్లు చెప్పారు. భావోద్వేగాన్ని పక్కన పెట్టినా అందులో ఇంజినీరింగ్ కారణం ఉంది. పెద్ద బ్యాటరీని నేల కింద పరిస్తే సీటు ఎత్తు పెరుగుతుంది, సీటు వెనక పేర్చితే వెనక సీట్లు పోతాయి. ఎటు చూసినా వందల కిలోల బరువు పెరుగుతుంది. బరువు వెనక ఉండాలి, కూర్చునే చోటు కిందికి ఉండాలి, ఇద్దరు పిల్లలకు చోటు మిగలాలి అన్న మూడు షరతులనూ ఒకేసారి తీర్చే బ్యాటరీ ఇంకా రాలేదు. జీటీఎస్‌లో 27 కిలోల చిన్న బ్యాటరీని ముందు భాగంలో, పాత 12 వోల్టుల బ్యాటరీ ఉండే చోట అమర్చారు.